ఉత్పత్తి ఉంది, సరఫరా లేదు

నూకరత్నం దేనికి భయపడదో చెప్పమంటే ఆమె భర్త సన్యాసిరావు కాసేపు ఆలోచించి, "ఇంకా కనుక్కోవాల" అంటాడు.

ఆయన కరెంటు ఆఫీసులో లైన్‌మన్. అందుకని కరెంటు పోయినప్పుడు గుర్లవానిపాలెం ఊరంతా తిట్టుకుంటూ విసనకర్రలు వెతుక్కుంటుంటే నూకరత్నం ఒక్కతే తేలిగ్గా ఊపిరి పీల్చుకుంటుంది. లైను ఆగింది కాబట్టి స్తంభం మీద మొగుడు క్షేమం. కరెంటు వచ్చి ఫ్యాను తిరిగిందా, ఆమెకు దడ మొదలవుతుంది. దిగాడో లేదో. దిగాడని ఫోనొచ్చాక ఆ తిరిగే ఫ్యాను ఊడి పడుతుందేమోనని ఇంకో దడ.

ఆమె చదువు ఏడో తరగతితో ఆగింది. ఎనిమిదికి రైలు గేటు దాటి వెళ్ళాలి. నూకరత్నం తల్లి కూడా భయస్థురాలే. గేటు వేసి ఉన్నప్పుడు పిల్ల కింద నుంచి దూరుతుందని ఒక రోజు అనుకుంది, దూరినట్టే కల కన్నది, మర్నాడు బడి మానిపించింది. ఆ గేటు దగ్గర ఇన్నేళ్ళలో ఒక మేక కూడా పోలేదు.

అటువంటి ఇంట్లో ఝాన్సీ ఎలా పుట్టిందో దేవుడికే తెలియాలి. ఇంటర్ రెండో సంవత్సరం. పెరట్లో నీళ్ళ డ్రమ్ము పక్కన ముక్కాలి పీట వేసుకుని, ఎండాకాలమైతే బకెట్టు నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని, లెక్కలు చేసుకుంటుంది. చదవమని ఎవరూ చెప్పలేదు. వద్దని మాత్రం తల్లి రోజుకు నాలుగుసార్లు చెబుతుంది, కాళ్ళు నానితే జలుబు చేస్తుందని. దేశంలోని పెద్ద ఇంజనీరింగు కాలేజీల్లో ఒకదాంట్లో చేరాలని ఆ పిల్ల కోరిక. ఎందుకే అని తల్లి అడిగితే, నాన్న ఎక్కే స్తంభం ఎక్కకుండానే లైను బాగుచేసే యంత్రం చేస్తానంది. ఆ మాట విన్నరోజు నూకరత్నం గుడికెళ్ళి కొబ్బరికాయ కొట్టింది. తర్వాత పీచు కంట్లో పడి ఉంటుందేమోనని అద్దం చూసుకుంది.

ఆ ఏడాదే ఒత్తిడి మండలి వచ్చింది.

దానికి ముందు ఒక సంఘం వేశారు. పెద్ద కాలేజీల్లో సీట్లన్నీ నడిమి కోస్తా జిల్లాల వాళ్ళకే వస్తున్నాయి, ఉత్తరాంధ్ర జిల్లాలకు పదకొండే వచ్చాయి, కారణం ఏమిటో తేల్చమన్నారు. సంఘం పద్నాలుగు నెలలు తిరిగింది. కాలేజీల్లో లెక్చరర్ల సంగతి చూడబోయింది గాని, ఖాళీ కుర్చీలు అధ్యయనానికి సహకరించలేదు. ల్యాబులు చూడబోయింది, తాళంచెవులు దొరకలేదు. చివరకు ఇళ్ళకు వెళ్ళి చూసింది. పిల్లలందరూ ఒకటేనట, తేడా అంతా తల్లిదండ్రుల్లో ఉందట. నడిమి జిల్లాల్లో పిల్లవాడికి రెండు మార్కులు తగ్గితే తండ్రి అన్నం మానేస్తాడు, తల్లి పుట్టింటికి ఫోను మానేస్తుంది. ఇటు వైపు పిల్లవాడు తప్పినా తల్లి, పోనీలే నాన్నా ముందు అన్నం తిను, అంటుంది. నివేదికలో నలభై రెండో పేజీలో లావు అక్షరాలతో వేశారు: "'పోనీలే' అను మాటయే ఉత్తర జిల్లాల వెనుకబాటుతనమునకు మూలకారణమని నిర్ధారించడమైనది." సీమ జిల్లాల్లో తండ్రి ఏమీ అనడు, ఊరికే చూస్తాడు. ఆ చూపు ఒత్తిడి కిందకు వచ్చునా రాదా అన్న విషయమై ఉపసంఘం వేశారు.

రోగం తెలిసింది కనుక మందు ఎంతసేపు. రాష్ట్రమంతటా ఒత్తిడి సమానంగా ఉండాలని ఉత్తర్వు వచ్చింది. ప్రతి ఇంటినీ పరిశీలించి నూటికి మార్కులు వేస్తారు. అరవై దాటితే ఒత్తిడి ధ్రువపత్రం. ధ్రువపత్రం జతచేయని పిల్లలకు పరీక్ష హాల్‌టికెట్టు ఇవ్వబడదు.

ఊళ్ళో మిగతా ఆడవాళ్ళు ఈ సంగతి విని నవ్వారు. నూకరత్నం మాత్రం ధైర్యంగా ఉంది. బతుకులో మొదటిసారి ప్రభుత్వం తనకు వచ్చిన విద్యలో పరీక్ష పెట్టింది.

*

పరిశీలకుడు పార్థసారథి గారు మత్స్యశాఖ నుంచి వచ్చినవాడు. అక్కడ చెరువుల లోతు కొలిచేవాడు. గడపలో చెప్పులు విడిచి, వరండాలో నిలబడి, ఇంటి వాతావరణం ఒకసారి పీల్చి చూసి, పెదవి విరిచాడు.

"అమ్మాయి ఆఖరుసారి ఎప్పుడు నవ్వింది?"

"ఇందాకలేనండి, మిమ్మల్ని సూసి."

రాసుకున్నాడు. తర్వాత ఇల్లంతా తిరిగాడు. టీవీ వైరు పీకలేదు. గోడకు పెద్ద కాలేజీల ఫోటోలు లేవు. గత రెండేళ్ళలో అమ్మాయి మూడు పెళ్ళిళ్ళకు వెళ్ళింది, ఒకదాంట్లో వడ్డించింది కూడా. దిండు మీద తల పెట్టిన గుంట కనిపిస్తే స్కేలు పెట్టి కొలిచి, ఇది ఎనిమిది గంటల నిద్ర అన్నాడు. పెరట్లోకి వెళ్ళి బకెట్టులో కాళ్ళు పెట్టుకున్న ఝాన్సీని చూసి, "పాదములు నీటియందుంచి చదువుట" అని పైకి చదువుతూ రాసుకుని, పక్కన విలాసము అని చేర్చాడు. మొత్తం పంతొమ్మిది మార్కులు వేశాడు.

నూకరత్నం ఆయనకు అడ్డంగా వచ్చి నిలబడింది. ఇదేటండి బాబూ, నాకన్నా భయపడే తల్లి ఈ జిల్లాలో ఉంటాదా, అంది. బస్సు తలుచుకుంటే భయం, కుక్క తలుచుకుంటే భయం, పిల్ల కాలేజీ నుంచి పది నిమిషాలు ఆలస్యమైతే ఆసుపత్రిలో ఏ మంచం మీద ఉందో కూడా కనిపిస్తుంది, ఇంకా ఏటి కావాల.

పార్థసారథి గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయనలో కొంచెం దయ ఉంది. ఎక్కువగా వివరణ ఉంది.

"తమరు గమనించవలసిన అంశమేమనగా, అది భయము. భయము తల్లి వద్దనే నిలిచిపోవును. ఒత్తిడి అనగా బిడ్డకు చేరవలెను. తమ వద్ద ఉత్పత్తి పుష్కలముగా ఉన్నది. సరఫరా లేదు."

సాయంత్రం ఈ మాట విని సన్యాసిరావు పడీపడీ నవ్వాడు. మా శాఖ భాషలో ఇంత చక్కగా ఎవరూ చెప్పలేదు అన్నాడు. లైను మధ్యలో ఎక్కడో తెగిందే రత్నం, నాను సూసి అతుకుతానుండు, అన్నాడు. ఆమె నవ్వలేదు. స్టవ్వు ఆర్పిందో లేదో రెండుసార్లు చూసొచ్చి, గోడకు ఆనుకుని కూర్చుంది. తన చదువు తల్లి భయం వల్ల ఆగింది. ఇప్పుడు కూతురి చదువు తల్లి భయం చాలక ఆగబోతోంది. ఇలాంటి ప్రమాదం ఒకటుంటుందని ఇన్నేళ్ళలో తనకు తట్టనందుకు ఆమెకు ఎక్కువ సిగ్గేసింది.

*

మార్కులు తక్కువ వచ్చిన తల్లులకు కల్యాణమండపంలో పదిరోజుల శిక్షణ పెట్టారు, సాధనకు పిల్లలను కూడా తీసుకురమ్మన్నారు. ఒత్తిడి మిగులు జిల్లాల నుంచి అనుభవం ఉన్న తల్లులను ఇటు పంపారు. ఈ మండలానికి నరసరావుపేట వైపు నుంచి నాగమల్లేశ్వరి వచ్చింది. బిగించిన ముడి, చేతిలో పాల గ్లాసు, రెండు కనుబొమల మధ్య నిలువు గీత. ఆ గీతను చూడగానే ముందు వరుసలో ఇద్దరు పిల్లలకు కడుపునొప్పి వచ్చింది.

"ఇప్పుడు నేను చెప్పేది ఇనండి. తిట్టొద్దు. కొట్టొద్దు. అదంతా పాతకాలం. పిల్ల చదువుకుంటా ఉంటది. మీరు పాల గ్లాసు తీసుకెళ్ళి బల్ల మీద పెట్టాలి. మాట్లాడకూడదు. పుస్తకం వంక ఒకసారి, గడియారం వంక ఒకసారి చూడాలి. ఒక్క నిట్టూర్పు ఇడిచి ఎనక్కి తిరిగి రావాలి. అంతే. ఆ పాలు దాని గొంతు దిగకూడదు."

చేసి చూపించింది. గ్లాసు బల్లకు తగిలిన చప్పుడు మండపం చివరిదాకా వినిపించింది. పార్థసారథి గారికి ఎందుకో తన పదో తరగతి గుర్తొచ్చి బయటకు వెళ్ళొచ్చాడు.

తర్వాత తల్లులను ఒక్కొక్కరినీ చేయమన్నారు. ఒకావిడ గ్లాసు పెట్టి, నిట్టూర్చి, పంచదార సరిపోయిందా అని అడిగింది. ఇంకొకావిడ నిట్టూర్పు బాగానే విడిచింది గాని వెనక్కి తిరిగేటప్పుడు పిల్ల జుట్టు సవరించింది. నూకరత్నం వంతు వచ్చింది. రెండడుగులు మౌనంగా నడిచింది. గ్లాసు పెట్టింది. ఊపిరి లోపలికి తీసుకుంది. అందరూ ఆశగా చూశారు.

"వేడిగున్నాయి తల్లీ, నాలిక కాలిపోతాది, ఊదుకుని తాగు," అంది.

నాగమల్లేశ్వరి కుర్చీలో కూలబడి, ఏందమ్మా మీరు, ఇట్టాగైతే మీకు సీట్లు ఎట్టా వస్తాయి, అంది. ఆ గొంతులో కోపం లేదు. నిజంగానే జాలిపడింది.

ఐదోరోజు పోలిక పాఠం. పక్కింటి పిల్లతో పోల్చకపోతే ఒత్తిడి నిలవదని నడిమి జిల్లాల అనుభవం. ఇక్కడి తల్లులకు పోల్చడానికి ఎవరూ తోచలేదు. పక్కింటి పిల్లకు కూడా పాపం అంతంతే వస్తాయి, ఎవరితో పోలుస్తాం, అన్నారు. మండలి వారికి ఈ ఇబ్బంది ముందే తెలుసు. మొదటి సంవత్సరం మార్కులు చూసి, ప్రతి మండలానికి ఒక అధికారిక పోలిక విద్యార్థిని ముఖ్య కార్యాలయంలోనే ఎంపిక చేసి పెట్టారు. యాభై రెండు ఇళ్ళకూ యాభై రెండు కవర్లు పంచారు. ఏ తల్లి కవరు విప్పినా అందులో ఒకటే పేరు: కుమారి ఝాన్సీ, గుర్లవానిపాలెం.

నూకరత్నం కూడా తన కవరు విప్పింది. అందులోనూ అదే పేరు.

ఇది నా కూతురే కదండీ, అంది లేచి. పార్థసారథి గారు కవరు తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. జాబితా రాజధానిలో సంతకమై వచ్చినది, మార్చుటకు తనకు అధికారము లేదు, అన్నాడు. పైగా ఉత్తర్వులో పోలిక విద్యార్థి పరాయి బిడ్డయే అయి ఉండవలెనని ఎక్కడా లేదు. తమరు తమ కుమార్తెను సదరు ఝాన్సీతో పోల్చవచ్చును.

మరి సదరు ఝాన్సీకి హాల్‌టికెట్టు వస్తుందా, అని ఆమె అడిగింది. ఆ అమ్మాయి తల్లికి పంతొమ్మిదే వచ్చాయి గనుక రాదు, అన్నాడాయన.

ఆ వారం మండలమంతా ఝాన్సీ పేరు మోగిపోయింది. ఏ ఇంటి ముందు నుంచి నడిచినా లోపల ఎవరో ఒకరు, ఝాన్సీని చూసి నేర్చుకోండి, అంటున్నారు. పిల్ల బజారుకు వెళ్తే తోటివాళ్ళు తప్పుకుని దారిచ్చారు. ఒక కుర్రాడైతే, నువ్వు ఎప్పుడైనా ఒక్కసారి తప్పవే ఝాన్సీ, నీకు పుణ్యముంటాది, అని దణ్ణం పెట్టాడు.

*

శిక్షకురాలు ఎవరింట్లో ఉండాలన్నదానికి కూడా నియమం ఉంది. అతి తక్కువ మార్కులు వచ్చిన ఇంట్లో, పరీక్ష ఫలితాలు వచ్చేదాకా ఉండాలి. అలా నాగమల్లేశ్వరి తన పెట్టె, గ్లాసు తీసుకుని నూకరత్నం ఇంటికి వచ్చింది.

మొదటి రోజు ఆమె కుర్చీ వేసుకుని పెరట్లో ఝాన్సీ ఎదురుగా కూర్చుంది. ఝాన్సీ తలెత్తి, అత్తా ఎండగుంది, మీకూ బకెట్టు తెమ్మంటారా, అని అడిగింది. రెండో రోజు ఆవిడకే కునుకు పట్టింది. మూడో రోజు నూకరత్నం పనసపొట్టు కూర చేసి, పీచు గొంతుకు అడ్డం పడుతుందేమోనని పక్కన కూర్చుని తినిపించినంత పని చేసింది. నాగమల్లేశ్వరి తింటూ తింటూ ఆగింది.

"నన్ను ఎందుకు పంపారో తెలుసా వదినా? మా వీధిలో ఒత్తిడి హద్దు దాటిందంట. తగ్గించాలని నన్ను తీసేశారు. మావాడిది కూడా ఈ ఏడే పరీక్ష. నేను బయల్దేరేటప్పుడు వాడు గేటు దాకా వచ్చి సంచి అందించాడు. ఆటో మలుపు తిరిగేదాకా చూస్తా ఉన్నా. ఎంత సంతోషంగా ఉన్నాడో."

నూకరత్నం ఇంకాస్త కూర వడ్డించింది. పోనీలే వదినా, ముందు అన్నం తిను, అంది. నాగమల్లేశ్వరి తింది. ఆ మధ్యాహ్నం బకెట్టులో కాళ్ళు పెట్టుకుని నిద్రపోయింది. లేచేసరికి కనుబొమల మధ్య గీత సగానికి తగ్గి ఉంది.

అయినా ఆవిడ పని మరచిపోలేదు. నూకరత్నానికి రోజూ పొద్దున ఒక గంట నిట్టూర్పులు నేర్పింది. నూకరత్నం కూడా కష్టపడింది. పుస్తకం వంక చూడమంటే పిల్ల కళ్ళు ఎర్రబడ్డాయేమోనని చూసేది. గడియారం వంక చూడమంటే మేకు ఊడేలా ఉందనేది. ఝాన్సీ తల్లికి తోడుగా కుంగినట్టు ముఖం పెట్టడం సాధన చేసింది. సగంలో నవ్వొచ్చేది.

రెండో పరిశీలనకు పార్థసారథి గారు వచ్చాడు. ఇంట్లో అందరూ తమతమ స్థానాల్లో నిలబడ్డారు. నాగమల్లేశ్వరి కళ్ళతో సైగ చేసింది. నూకరత్నం చేతులు పిసుక్కుని, గొంతు సవరించుకుని, కూతురితో అంది:

"ఆ ఝాన్సీని సూడు. ఎంత బాగా సదువుతాదో. దాన్ని సూసైనా నేర్సుకో, ఝాన్సీ."

"ఆ అమ్మాయి కూడా బకెట్లో కాళ్ళు పెట్టుకుంటాదంట కదమ్మా," అంది ఝాన్సీ.

సన్యాసిరావు పెరట్లోకి పరుగెత్తాడు. అక్కడినుంచి నవ్వు వినిపించింది. పార్థసారథి గారు నియమావళి తిరగేసి, పోలిక నిబంధనల ప్రకారమే జరిగినదని ఒప్పుకున్నాడు. కాని బిడ్డ మీద ఫలితము లేదన్నాడు. ముప్పై ఎనిమిది వేశాడు. ఇంకొక్క అవకాశం ఉంది, శుక్రవారం సాయంత్రం అయిదు లోపల కార్యాలయంలో విన్నవించుకోవచ్చును, ఆ తర్వాత హాల్‌టికెట్ల జాబితా మూసివేయబడును, అన్నాడు.

ఆయన వెళ్ళాక ఝాన్సీ నవ్వు ఆపేసింది. పెరట్లో పీట మీద కూర్చుంది గాని పుస్తకం తెరవలేదు. బకెట్టులో నీళ్ళు పోసుకోలేదు. నూకరత్నం వంటింటి కిటికీలోంచి చూసింది. ఏడుస్తోందేమో అనుకుంది. ఏడవడంలేదు. చేతిలో కలం మూత తీస్తోంది, పెడుతోంది, తీస్తోంది. ఇన్ని భయాలు పడ్డ మనిషికి ఆ మూత చప్పుడంత భయం ఎప్పుడూ కలగలేదు.

*

శుక్రవారం సన్యాసిరావు లైను మీద ఉన్నాడు. నాగమల్లేశ్వరి తోడు వస్తానంది గాని నూకరత్నం వద్దంది, పిల్ల ఒంటరిగా ఉంటే ఏమవుతుందోనని. ఒక్కతే బస్సెక్కింది. విజయనగరం వెళ్ళే బస్సు ఆ రైలు గేటు మీదుగానే వెళ్తుంది. గేటు దగ్గర కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి దాటిపోయింది.

కార్యాలయంలో పార్థసారథి గారు ఒక్కడే ఉన్నాడు. ఫైళ్ళ గుట్టల మధ్య కూర్చుని, పైన ఊగుతూ తిరిగే ఫ్యాను కింద, టీ తాగుతున్నాడు. మరీ దీనంగా చూడవద్దని, నియమాలకు దయ అనే కాలమ్ లేదని, ముందుగానే చెప్పాడు.

నూకరత్నం ఏడుద్దామనుకునే వెళ్ళింది. కాని తలెత్తి ఫ్యాను చూసింది. ఇక ఆపుకోలేకపోయింది.

బాబూ, కుర్చీ కాస్త పక్కకి జరుపుకోండి, అంది. ఆ ఫ్యాను కొక్కెం అరిగిపోయినాది. మా ఆయన కరెంటు మనిషి, నాకు తెలుసు. అది ఇయ్యాల పడొచ్చు, పదేళ్ళకి పడొచ్చు.

ఆయన నవ్వాడు. తర్వాత ఒకసారి పైకి చూశాడు. కుర్చీ అర అడుగు జరిగింది.

ఆ గోడ స్విచ్చు దగ్గర టీ గ్లాసు పెట్టకండి, అంది. గ్లాసు తీశాడు. మీరు రోజూ బండి మీదే తిరుగుతారు కదా, ఎనక టైరు మెత్తగున్నాది, మొన్న మా ఇంటికొచ్చినప్పుడే సూసినాను, సెప్తే భయపడతారని సెప్పలేదు, అంది. పార్థసారథి గారు కిటికీలోంచి బండి వైపు చూశాడు. ఆమె బెదిరించడం లేదు. అదే ఆయనకు ఇబ్బందిగా ఉంది. ఆమె కళ్ళల్లో నిజంగా నీళ్ళు తిరిగాయి, అవి ఆయన కోసమే.

"మీకు అబ్బాయి ఉన్నాడా బాబూ?"

"ఉన్నాడు. పదవ తరగతి."

"అయితే రెండేళ్ళల్లో ఆడికీ ఈ కాయితమే కావాల. మీ ఇంటికి మీరే మార్కులు ఏసుకోకూడదు కదా. ఇంకో ఆఫీసరొస్తాడు. మీలాగ నెమ్మదస్తుడు కాకపోతే ఏటవుతాది? మీ ఆవిడ మంచిదేమో. పోనీలే అనీగల్దు." నూకరత్నం గొంతు తగ్గింది. "ఇంకోటి. నాను సదువుకోనేదు, నాకు తెలీదు. మండలం మొత్తానికి సూసి నేర్సుకోమన్న పిల్లని పరీక్షకి రానీలేదని రేపెవరైనా అడిగితే, పైవోళ్ళు ఏటంటారు? మాకు తెలీదంటారు. కింద సంతకం ఎవరిదంటారు. ఒక్క సంతకమే కదా బాబూ ఉంటాది. ఆ ఒక్కటీ మీదే కదా. మీకేటైనా అయితే ఆ పిల్లోడి సదువు ఏటయిపోవాల."

చీర చెంగుతో కళ్ళు ఒత్తుకుంది. నెత్తి మీద ఫ్యాను టిక్కుమంది.

పార్థసారథి గారు లేచి ఫ్యాను ఆపాడు. ఆపాక చెమట పట్టింది. నీళ్ళు తాగుతుంటే గ్లాసు పళ్ళకు తగిలి చప్పుడైంది. ఇంటికి ఫోను చేసి అబ్బాయి ఏం చేస్తున్నాడని అడిగాడు. నిద్రపోతున్నాడని భార్య చెప్పింది. లేపమన్నాడు. ఎందుకని ఆవిడ అడిగింది. ఫోను పెట్టేసి, నూకరత్నం దరఖాస్తు ముందుకు లాక్కున్నాడు. పద్నాలుగో కాలమ్ దగ్గర వేలు ఆగింది. "ఒత్తిడి ఎదుటి వ్యక్తికి చేరినట్లు ప్రత్యక్ష నిదర్శనము." ఎదుటి వ్యక్తి బిడ్డయే అయి ఉండవలెనని అక్కడ కూడా రాసిలేదు.

తన చెయ్యి చూసుకున్నాడు. వణుకుతోంది. మనిషి ఎంతైనా నిజాయితీపరుడు. తొంభైనాలుగు వేశాడు. సంతకం కొంచెం వంకరగా వచ్చింది.

*

పరీక్ష అయింది. ఝాన్సీకి సీటు వచ్చింది. ఉత్తరాంధ్రలో అంతకుముందు పదకొండు వచ్చినచోట ఆ ఏడు పన్నెండు వచ్చాయి. ఒత్తిడి పథకం అఖండ విజయం సాధించిందని మండలి పుస్తకం వేసి, అట్ట మీద బకెట్టు కనిపించకుండా ఝాన్సీ ఫోటో వేసింది. నాగమల్లేశ్వరి కొడుక్కి కూడా, తల్లి లేని రెండునెలల్లో, ఏదో ఒక మంచి కాలేజీ వచ్చింది. అది ఏ పుస్తకంలోనూ పడలేదు. ఆవిడ వెళ్ళేముందు రోజు వాడే ఫోను చేసి, ఏం తిన్నావమ్మా, అని అడిగాడట. ఆ ఒక్క మాట ఆవిడ నూకరత్నానికి నాలుగుసార్లు చెప్పింది. పాల గ్లాసు ఇక్కడే వదిలి వెళ్ళింది.

అంతా సవ్యంగా జరిగిందని నూకరత్నం భయపడటం మొదలుపెట్టిన వారానికి రిజిస్టరు ఉత్తరం వచ్చింది. కొత్త ఉత్తర్వు ప్రకారం తొంభై దాటిన ఒత్తిడి ప్రమాదకరము. హాస్టలులో చేరు విద్యార్థిని తల్లి ముప్పై దినములలో తన ఒత్తిడిని అరవైలోపు తగ్గించుకొని, ప్రశాంతతా ధ్రువపత్రము పొందవలెను. లేనిచో అమ్మాయి ప్రవేశము నిలిపివేయబడును.

ఆ ముప్పై రోజులూ ఆమె ప్రశాంతంగా ఉండటానికి పడ్డ హైరానా చెప్పనలవి కాదు. తెల్లారి లేవగానే, ఇయ్యాల భయపడకూడదు, భయపడితే ఏటయిపోతాదో, అనుకునేది. సన్యాసిరావు స్తంభం ఎక్కిన సంగతి చెప్పకుండా దిగాకే చెప్పేవాడు. ఝాన్సీ పెట్టె సర్దుకుంటూ, నువ్వు ఎలా ఉన్నావో అలాగే ఉండమ్మా, నాకు అలవాటే, అంది. ఆ మాటకు తల్లి ఏడ్చి, ఏడిస్తే మార్కులు పెరుగుతాయని ఆపుకుంది.

ముప్పయ్యో రోజు పొద్దున పార్థసారథి గారు వచ్చాడు. లోపలికి రమ్మంటే వరండా చివర, ఆమెకు పది అడుగుల దూరంలో కుర్చీ వేయించుకున్నాడు. పైన ఫ్యాను లేని చోటు చూసుకుని మరీ కూర్చున్నాడు. గొంతు సవరించుకుని, ప్రశ్నావళి తెరిచాడు.

"ప్రస్తుతము తమకు ఏ విషయమునందైనను ఆందోళన కలదా?"

ఝాన్సీ తల్లి వంక చూసింది. నూకరత్నం చేతులు ఒళ్ళో పెట్టుకుని, నిటారుగా, నరసరావుపేట మనిషి నేర్పినట్టు ముఖంలో ఏమీ లేకుండా కూర్చుంది.

"లేదండి."

"అమ్మాయి ప్రయాణము విషయమై?"

"లేదండి."

"హాస్టలు? ఆరోగ్యము? భోజనము?"

"ఏటీ లేదండి. నెమ్మదిగున్నాను."

పార్థసారథి గారి ముఖం విప్పారింది. కలం తీశాడు. నలభై అని వేయబోయాడు. అప్పుడు నూకరత్నం, అతిథి వచ్చినప్పుడు మంచినీళ్ళు కావాలా అని అడిగినంత మామూలుగా, అడిగింది:

"బండికి సెంటర్ స్టాండు ఏసినారా బాబూ? అక్కడ నేల పల్లం."

ఆయన ఉలిక్కిపడి లేచాడు. కుర్చీ వెనక్కి పడింది. కాయితాలు పట్టుకునే వీధిలోకి పరుగెత్తాడు. స్టాండు సరిగ్గానే వేసి ఉంది. టైరులో గాలీ ఉంది. అయినా ఆయన తిరిగి లోపలికి రాలేదు. బండి సీటు మీద కాయితం పెట్టి, నలభై వేసి, అక్కడే సంతకం చేసి, ఝాన్సీని పిలిచి చేతికిచ్చి, హెల్మెట్టు పెట్టుకుని, బెల్టు బిగించుకుని, మళ్ళీ ఒకసారి బిగించుకుని, బండిని తోసుకుంటూ నడిచి వెళ్ళిపోయాడు.